పుర్రచేతి మేస్త్రి

ఆ వానాకాలం దాకా నాకు తెలిసిన వెనకవైపులన్నీ చొక్కాలవీ గౌన్లవీ. ఐదొందల ఏళ్ళ నాటి బొమ్మలకి కూడా వెనకవైపు ఉంటుందని, దాన్ని చూసి రాసుకోవడం ఒక చదువని ఎవరైనా చెప్తే "ఊరుకోండి, వేళాకోళాలా?" అనేదాన్ని.

నేను దర్జీని. పదిహేడేళ్ళు ఒకే షాపులో, ఒకే కిటికీ పక్కన కూచుని కుట్టాను. మొదటి వాన పడ్డ వారమే ఓనరు షాపు ఎత్తేశాడు. నా మిషను నాకు అప్పజెప్పి, "చేతిలో పనుంది, నీకేం భయమమ్మా" అన్నాడు. మరి నీకేం భయం వచ్చి షాపు మూశావయ్యా అని అడగాలనిపించింది. అడగలేదు. మిషను తెచ్చి అన్నయ్య ఇంట్లో నా గది కిటికీ కింద పెట్టుకుని గోళ్ళు గిల్లుకుంటూ కూచున్నాను.

అన్నయ్య సంగతి చెప్పాలి. పాత బొమ్మల ఫొటోలు దాచే ఆర్కైవ్ ఒకటి ఉంది మా ఊళ్ళో. అక్కడ అన్నయ్య తొమ్మిదేళ్ళుగా పరిశోధన చేస్తున్నాడు. ఎప్పుడో ఒక చర్చిలో ఎనిమిది చెక్క పలకల మీద ఎవరో ఎనిమిది బొమ్మలు వేశారు. ఎనభై ఏళ్ళ కిందట చర్చి తగలబడి పలకలు బూడిదైపోయాయి. అంతకు ముందు ఎవరో తీసిన ఫొటోలు మిగిలాయి. ఆ ఫొటోల తాలూకు గాజు ప్లేట్లు కూడా ఎప్పుడో పగిలిపోయాయట. అంటే ఉన్నవల్లా ఎనిమిది కాగితాలు. వాటి మీద మా అన్నయ్య తొమ్మిదేళ్ళు కూచున్నాడు.

వేసినవాడి పేరు ఎవరికీ తెలీదు. వాడిది ఎడంచేతివాటం అని మాత్రం కనిపెట్టింది అన్నయ్యే. ఆ చర్చికి పనిచేసిన పెద్ద పనిశాల తాలూకు పాత జాబితాలో "ఎడంచేతివాడు" అని ఒక పనివాడి ప్రస్తావన దొరికింది. పేరు రాయలేదు, అంతే రాశారు. ఆ మాట చదివిన రోజు అన్నయ్య ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా మంచం మీద కూలబడ్డాడు, దొరికాడే దొరికాడే అంటూ. ఆ రోజు నుంచి వాడు మా ఇంట్లో పుర్రచేతి మేస్త్రి అయిపోయాడు. థీసిస్ పేరూ అదే, భోజనాల దగ్గర మాటా అదే.

వదిన రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే ఊరందరికీ సూదులు గుచ్చి వచ్చి, సాయంత్రం మమ్మల్ని మాటలతో గుచ్చుతుంది. "ఈ ఇంట్లో మనం ముగ్గురం కాదమ్మాయ్, నలుగురం. ఆ నాలుగోవాడు తినడు, పని చెయ్యడు, గది ఖాళీ చెయ్యడు" అనేది. అన్నయ్య నవ్వేవాడు. వదినా నవ్వేది గానీ, కంచాలు తీసేటప్పుడు చప్పుడు కాస్త గట్టిగానే వినపడేది. ఇల్లు నడిచేది ఆవిడ సూదుల మీదే కదా.

ఆ వానాకాలంలోనే వైవా పెట్టారు. పెద్దవాళ్ళు కూచుని ప్రశ్నలేసి, సరే అంటే డాక్టరు పట్టా. పట్టా వస్తే మ్యూజియంలో ఖాళీగా ఉన్న కుర్చీ అన్నయ్యదే అని, పరిశోధన దగ్గరుండి చేయించే గైడుగారు మాటిచ్చారు. వచ్చే ఏడాదికి అన్నయ్యకి నలభై నిండుతాయి. నలభై దాటితే ఆ కుర్చీకి తీసుకోరు. కాబట్టి ఇదే మొదలు, ఇదే ఆఖరు.

మొదటి వానలకే ఆర్కైవ్ కప్పు కారింది. తడిసిన పెట్టెలు ఆరబెట్టి సర్దడానికి మనిషి కావాలన్నారు పెద్దమేడం. అంటే ఆర్కైవ్ మొత్తానికి పెద్ద. అన్నయ్య నన్ను తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఆవిడ నా మొహం చూడలేదు, నా వేళ్ళు చూశారు. "దర్జీవా? అయితే కాగితం చింపవు. రేపు రా" అన్నారు.

మొదటి రోజే అన్నయ్య నాకో ఫొటో ఇచ్చి, ఏం కనిపిస్తోందో రాయమన్నాడు. బుద్ధిగా రాశాను: "ఒక తల్లి కొడుకు కోసం ఏడుస్తోంది."

గీత పెట్టి కొట్టేశాడు. "తల్లని నీకెవరు చెప్పారు? కొడుకెక్కడున్నాడు ఇందులో? కన్నీళ్ళు చూపించు."

"మరేం రాయమంటావ్?"

"ఆడమనిషి. తల వంచింది. ఒక చెయ్యి గుండె మీద. ముసుగు అంచుకి కుట్టుపని. అంతే. కనిపించింది రాయి. అనుకున్నది తర్వాత."

"ఓస్, ఇంతేనా? కొలతలు తీసుకోవడమేగా! లావుగా ఉందని రాయం, నడుము ఇంత అని రాస్తాం."

అన్నయ్య కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. "ఇక్కడికొచ్చే కాలేజీ పిల్లలకి ఏడాదంతా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తానే ఈ ముక్క" అన్నాడు. నాకు ఒళ్ళు గాల్లో తేలినట్టయింది. పదిహేడేళ్ళలో ఎవరూ నన్ను అలా మెచ్చుకోలేదు.

రెండో పాఠం వెనకవైపు. "ముందువైపు అందరూ చెయ్యి పెడతారు. రంగు వెలిస్తే ఒకడు దిద్దుతాడు, నచ్చకపోతే ఇంకొకడు మారుస్తాడు. వెనక చెక్కని ఎవడూ పట్టించుకోడు. అందుకని బొమ్మ చేతికొస్తే ముందు తిప్పి చూడు" అన్నాడు.

మూడోది గీతలు. నా సుద్దముక్క తీసుకుని, బల్ల మీద పక్కపక్కన వాలు గీతలు గియ్యమన్నాడు. గీశాను. గీతల పైకొసలన్నీ కుడివైపుకి వాలాయి. అన్నయ్య సుద్ద ఎడంచేత్తో తీసుకుని వాటి పక్కనే గీశాడు. అవి ఎడమవైపుకి వాలాయి. అన్నయ్యది పుర్రచెయ్యే. చిన్నప్పుడు నాన్న ఆ చేతిని కుర్చీకి కట్టేసి మరీ కుడిచేత్తో రాయించాడు. ఇప్పటికీ కుడిచేత్తోనే రాస్తాడు, కోడి కెలికినట్టు.

"మేస్త్రి నీడలన్నీ ఇలాంటి సన్నగీతలతోనే వేశాడు. ఎనిమిది బొమ్మల్లోనూ గీతలు నావైపే వాలాయి. నీవైపు ఒక్కటి లేదు" అన్నాడు. తర్వాత ఐదో బొమ్మ తీశాడు. గెడ్డపాయన ఒకడు బల్ల ముందు కూచుని రాసుకుంటున్నాడు. కలం ఎడంచేతిలో ఉంది. ఆరో బొమ్మలో సిపాయి కత్తి కుడివైపు నడుముకి వేలాడుతోంది, ఎడంచేత్తో దూసుకోవడానికి వీలుగా.

"ఆ కాలంలో ఎడంచేత్తో రాసే మహానుభావుణ్ణి ఎవడేస్తాడే? వీడు తనని తానే వేసుకున్నాడు. ఎప్పటికో ఒకడు చూడకపోతాడా అని" అన్నాడు అన్నయ్య. కళ్ళు తడిశాయి. వాడెవడో గానీ, మా అన్నయ్యలాంటివాడే అనిపించింది.

మూడు వారాలు తడిపెట్టెల్లోనే గడిచాయి. ముందువైపు ఫొటోలు హాల్లో బీరువాల్లో వరసగా ఉంటాయి. ఏ బొమ్మవో ఎవరూ తేల్చని వెనకవైపు ఫొటోలు మాత్రం లోపలి గదిలో అట్టపెట్టెల్లో పడుండేవి, దిక్కూ దివాణం లేకుండా. వాటిని తీసి, దండెం మీద ఆరేసి, కొలిచి, ఒక్కోదానికీ కార్డు రాయడం నా పని. చెక్క ఎన్ని ముక్కలు, అడ్డపట్టీలు ఎన్ని, ముళ్ళెక్కడ, పగుళ్ళెక్కడ, అతికించిన చీటీలేమైనా ఉన్నాయా. నాకు ఆ పని మహా నచ్చింది. మధ్యాహ్నం టీ తాగుతూ పెద్దమేడం నా కార్డులు చదివి, "నీ కార్డులో సోది ఉండదు" అనేవారు.

నాలుగో వారం మంగళవారం ఒక ఫొటో ఆరేస్తుంటే చెయ్యి ఆగిపోయింది. పలక వెనకవైపు, ఎడమ అంచుకి దగ్గర్లో పైనించి కిందికి ఒక పగులు. చెక్కలో ముడి ఉన్నచోట వంపు తిరిగి, మళ్ళీ తిన్నగా దిగి, సగంలో ఆగిపోయింది. ఆ వంపు నాకు తెలుసు. గెడ్డపాయన చెవి పక్కన రోజూ చూస్తున్నదే. కింద మూల అతికించిన చీటీ మీద అన్నయ్య చర్చి పేరు, "ఐదు" అని అంకె.

చెప్పుల్లేకుండా హాల్లోకి పరిగెత్తాను. "అన్నయ్యా! నీ గెడ్డపాయన వీపు దొరికింది!"

రెండూ పక్కపక్కన పెట్టాం. ముందు ఫొటోలో పగులు ఎడమ అంచుకి నాలుగు వేళ్ళ దూరంలో. వెనక ఫొటోలోనూ ఎడమ అంచుకి నాలుగు వేళ్ళ దూరంలో. ఒకటే వంపు, వంపు తిరిగింది కూడా ఒకటే వైపుకి. అన్నయ్య వేలు ఒక పగులు మీదా, నా వేలు రెండో పగులు మీదా పెట్టి ఒకేసారి కిందికి దిగాం. రెండు వేళ్ళూ ఒకేచోట ఆగాయి. అన్నయ్య కుర్చీలోంచి లేచి హాలు చివరిదాకా నడిచి, మళ్ళీ వచ్చి కూచున్నాడు.

"ఎనభై ఏళ్ళలో ఎవడూ చూడలేదే దీన్ని. నువ్వు చూశావ్" అన్నాడు.

ఆ రెండు ఫొటోల్నీ ఒకే పేజీలో, ఎదురెదురుగా, థీసిస్‌లో ఆఖరి బొమ్మగా పెట్టించాడు. కింద నా గురించి ఒక వాక్యం రాశాడు. శుక్రవారం సబ్మిట్ చేశాడు. ఆ సాయంత్రం వదిన నాలుగో కంచం కూడా పెట్టింది. "మేస్త్రిగారూ, ఇన్నాళ్ళు మిమ్మల్ని ఆడిపోసుకున్నాను, ఏమనుకోకండి" అని ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టింది. ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నేను ఆ ఇంట్లో అంత నవ్వు మళ్ళీ వినలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున్న మిషను ముందు కూచున్నాను. వైవాకి వేసుకెళ్ళే తెల్లచొక్కా అన్నయ్య ఇచ్చాడు. వీపు మీద, ఎడమ పక్క, మేకు తగిలి చిన్న చిరుగు. బయటికి కనపడకుండా లోపలివైపు నుంచి గుడ్డ వెయ్యాలి. చొక్కా కుట్లు విప్పి వీపు ముక్క బల్ల మీద పరిచాను. చిరుగు చుట్టూ సుద్దతో గుర్తు పెట్టి, ముక్కని తిరగేశాను. నా చెయ్యి దానంతటదే కుడివైపుకి వెళ్ళి చిరుగు మీద ఆగింది.

ఆగిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

చిరుగు ముందు ఎడమ పక్కన ఉంది. తిరగేస్తే కుడి పక్కకి వచ్చింది. రాక ఛస్తుందా! పదిహేడేళ్ళలో లక్షసార్లు చేసిన పని. పిచ్చిదాన్ని, ఈ ముక్క నాకు ఆ మంగళవారం ఎందుకు తట్టలేదు? అట్టముక్క ఒకటి తీసి కత్తెర్తో కోత పెట్టాను. ఇటు చూస్తే ఎడమ, అటు చూస్తే కుడి. నాలుగుసార్లు తిప్పాను. పగులు చెక్కలో ఇటునుంచి అటు దాకా ఉన్నప్పుడు ముందునించి చూసినా ఎడమే, వెనకనించి చూసినా ఎడమే ఎలా అవుతుంది? రెండు ఫొటోల్లో ఒకటి తిరగబడి అచ్చయింది. అద్దంలో చూసినట్టు.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళి వెనకవైపు ఫొటో తీశాను. చీటీ మీద అక్షరాలు చక్కగా, చదవడానికి వీలుగా ఉన్నాయి. అంటే వెనకది సరిగ్గానే ఉంది. తిరగబడింది ముందుది. గాజు ప్లేటు బోర్లా పెట్టి అచ్చేశాడు ఎవడో. ఒకటే చేతి అచ్చు, ఒకటే కాగితం, ఎనిమిదింటికీ. గీతలు మా అన్నయ్యవైపు వాల్లేదు, నావైపే వాలాయి. గెడ్డపాయన కుడిచేత్తోనే రాసుకుంటున్నాడు. సిపాయి కత్తి అందరి కత్తిలాగే ఎడమ నడుముకే ఉంది. పుర్రచేతి మేస్త్రి అనేవాడు ఆ చర్చి గోడల మీద ఎన్నడూ లేడు.

దండెం కింద పీట మీద కూచుండిపోయాను. పెద్దమేడం వచ్చి "ఏమ్మా, జ్వరమా?" అన్నారు. అవునన్నాను.

వైవాకి ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ పన్నెండు రోజులు నేనేం చేశానో చెప్తే మీరు నన్ను ఏమన్నా అనండి, పడతాను. ఏమీ చెయ్యలేదు. చెప్తే థీసిస్ వెనక్కి తీసుకోవాలి, తీసుకుంటే మళ్ళీ రెండేళ్ళు, ఈలోగా నలభై. చెప్పకపోతే? తొమ్మిదేళ్ళుగా గైడుగారికి కనపడలేదు, అన్నయ్యకి కనపడలేదు, నాకు కనపడలేదు. వైవాలో ప్రశ్నలేసేవాళ్ళకి మాత్రం ఎందుకు కనపడాలి? కాలిపోయిన బొమ్మలు, చచ్చిపోయిన మనుషులు. వాడిది ఏ చెయ్యి అయితే ఎవడికి నష్టం? ఇలా నాకు నేనే వకాల్తా పుచ్చుకుని వాదించుకున్నాను.

ఒక్కసారి మాత్రం నోటి దాకా వచ్చింది. సాయంత్రం వరండాలో అన్నయ్య టీ తాగుతూ వానలోకి చూస్తున్నాడు. నేను పక్కన కూచుని, "అన్నయ్యా, ఆ వెనక ఫొటో..." అన్నాను.

"దాని గురించే అనుకుంటున్నా" అన్నాడు. "గైడుగారు అదే అన్నారు. ఆ ఒక్క పేజీ చాలయ్యా, మిగతాది చదవక్కర్లేదు అన్నారు. నీ చలవేనే చెల్లాయ్."

లోపల్నించి వదిన, "ఉద్యోగం రానీ, ఆవిడకి కొత్త మిషను కొనిపెడదాం. అది చప్పుడు చేస్తుంటే పక్కింటివాళ్ళు పిండిమర అనుకుంటున్నారు" అని అరిచింది.

"ఏంటో అంటున్నావ్?" అన్నాడు అన్నయ్య.

"చొక్కా ఇస్త్రీ చేసుంచాను, చూసుకో" అన్నాను. టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను.

వైవా ఆర్కైవ్ పై అంతస్తులో హాల్లో పెట్టారు. ఎవరైనా వచ్చి వినొచ్చట. వదిన ల్యాబుకి సెలవు పెట్టి వచ్చింది. మేం వెనక వరసలో కూచున్నాం. ముందు గైడుగారు, ఇద్దరు ప్రొఫెసర్లు, వాళ్ళ పక్కన వేరే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నలభై ఏళ్ళు మ్యూజియంలో పాత పలకలు బాగుచేసే పని చేసిందట ఆవిడ. వేళ్ళ కొసలు పగిలి, రంగు ఇంకిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆవిడ చేత్తో పనిచేసే మనిషి.

అన్నయ్య బాగా మాట్లాడాడు. అంత బాగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పనిశాల జాబితా గురించి చెప్పాడు, నీడగీతల గురించి చెప్పాడు. గెడ్డపాయన గురించీ చెప్పాడు. ప్రొఫెసర్లు తలలూపారు. గైడుగారు వెనక్కి వాలి కూచున్నారు. వదిన నా చెయ్యి పట్టుకుంది.

పెద్దావిడ మెల్లగా అంది. "ఆఖరి బొమ్మ తెర మీద వెయ్యండి బాబూ."

వేశారు. రెండు ఫొటోలు, ఎదురెదురుగా.

"పగులు ఏ పక్కనుంది?"

"ఎడమ పక్కనండీ" అన్నాడు అన్నయ్య.

"వెనకవైపు?"

"ఎడమ..." అన్నాడు.

ఆవిడ చేతిలో ఉన్న కాగితాన్ని కదపలేదు. పాపం, మంచిదే ఆవిడ. అతనికి టైమిచ్చింది. అన్నయ్య తెర వైపు తిరిగి నిలబడ్డాడు. బయట వాన చప్పుడు వినపడుతోంది. చెయ్యెత్తి, తెర మీద పగులుని తాకబోయినట్టు తాకబోయి ఆపేశాడు. అతని వీపు మీద నేను వేసిన గుడ్డ ఎవరికీ కనపడట్లేదు. ప్రొఫెసర్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు, వాళ్ళకింకా అర్థం కాలేదు.

అన్నయ్య ఇటు తిరిగాడు. పెద్దావిడ వైపు చూడలేదు, గైడుగారి వైపు చూడలేదు. వెనక వరసలో నన్ను వెతుక్కున్నాడు. ఇద్దరం కలిసి వేళ్ళు పెట్టి దిగిన పగులు కదా, నేనూ తనతో పాటే ఇప్పుడే కంగారు పడుతుంటానని చూశాడు. నేను తల దించుకున్నాను.

అంతే. దించుకోకుండా ఉండాల్సింది.

"ముందువైపు ఫొటో తిరగబడిందండీ" అన్నాడు అన్నయ్య, నేల చూస్తూ. "ఎనిమిదీ తిరగబడి ఉంటాయి. అతనిది కుడిచెయ్యే."

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకూ నిన్న రాత్రే కనపడింది బాబూ. ఈ పేజీ లేకపోతే నాకూ తెలిసేది కాదు" అంది.

ఇంటికి నడిచే వెళ్ళాం. వదిన గొడుగు వేసుకుని ముందు నడుస్తోంది. అన్నయ్యా నేనూ తడుస్తూనే వెనక. వీధి చివర మందుల షాపు దగ్గర అన్నయ్య ఆగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆదివారం నుంచి."

"మొన్న ఆదివారమా?"

"దాని ముందు ఆదివారం. చొక్కా కుడుతుంటే."

లెక్కేసుకున్నాడు. "పదమూడు రోజులు. నాతో కలిసి భోంచేశావ్, నాతో కలిసి ఆఫీసుకొచ్చావ్."

"నీ ఉద్యోగం పోతుందని అన్నయ్యా. చెప్తే నువ్వే వెళ్ళి థీసిస్ వెనక్కి తీసుకునేవాడివి."

"తీసుకునేవాణ్ణి. ఉద్యోగం పోయేది. ఇప్పుడూ పోయింది." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "కానీ నేనే కనిపెట్టి నేనే చెప్పేవాణ్ణి వాళ్ళకి. తొమ్మిదేళ్ళలో నాకు దొరికిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని కూడా నాకు దొరకనివ్వలేదు నువ్వు."

నేను ఏడుస్తూ ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. అన్నయ్య వినకుండా నడిచి వెళ్ళిపోయాడు.

వదిన నన్ను తిట్టలేదు. తిడుతుందేమోనని రెండు రోజులు ఎదురు చూశాను. మూడో రోజు వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, నావైపు చూడకుండా అంది. "రోజుకి నలభైమంది రక్తం తీస్తాను. రిపోర్టు బాగోలేదని ఒక్కరికైనా దాచిపెట్టానా? నాకైనా చెప్పాల్సిందమ్మాయ్. నేనైతే తిట్టి మరీ చెప్పించేదాన్ని." ఆ తర్వాత ఇక ఆ మాట ఎత్తలేదు. నాలుగోవాడి మీద జోకులు కూడా మానేసింది.

తిరగబడ్డ ఫొటోలతోనే కొత్తగా రాయమని గైడుగారు రెండుసార్లు కబురు చేశారు. "ఏం రాయనండీ? కుడిచేతి మనుషులు ఊరంతా ఉన్నారు" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత కబురు రాలేదు. మ్యూజియం కుర్చీలోకి ఎవరో వచ్చారు. వానలు తగ్గేసరికి అన్నయ్య వదిన ల్యాబులో చేరాడు, రక్తం సీసాల మీద చీటీలు అంటించే పనికి. పొద్దున్న ఇద్దరూ కలిసే వెళ్తారు. నాతో మాట్లాడతాడు, మాట్లాడకపోవడమేం లేదు. నీళ్ళొచ్చాయా, తలుపేశావా, ఇలాంటివి.

నన్ను మాత్రం ఆర్కైవ్‌లో ఉంచేశారు. ఆ వెనక ఫొటో పట్టుకున్నది ఎవరని పెద్దావిడే అడిగిందట వెళ్తూ వెళ్తూ. "ఈ అమ్మాయిని వదులుకోకండి" అందట. పెద్దమేడం ఆ మాట నాకు సంతోషంగా చెప్పారు. నేను సంతోషపడ్డట్టు మొహం పెట్టాను. ఇల్లు గడవాలి కదా.

ఆఖరి వాన పడ్డ వారం పెద్దమేడం నన్ను పిలిచి, బీరువాలో ఆ ఎనిమిది బొమ్మల కార్డులు సరిచెయ్యమన్నారు. అన్నిటి మీదా అన్నయ్య పెన్సిలుతో "పుర్రచేతి మేస్త్రి" అని రాసిపెట్టాడు. ఇక్కడ పాత రాత చెరపకూడదట. మీద ఒక గీత కొట్టి, కింద కొత్తది రాసి, తేదీ వేసి, రాసినవాళ్ళు పొడి అక్షరాలు పెట్టాలి. నాకు చెయ్యి రాలేదు. ఆ సాయంత్రం అన్నయ్య బూట్లు విప్పుతుంటే ఎదురుగా నిలబడి అడిగాను.

"ఆ కార్డులు నువ్వొచ్చి నీ చేత్తో మార్చవా అన్నయ్యా? ఒక్క గంట. నేను అడుగుతాను మేడాన్ని."

రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు. "నువ్వే రాయి" అన్నాడు.

"ఏమని రాయను?"

"ఎవరో తెలీదని రాయి. నేను రాకముందు అదే ఉండేది."

మర్నాడు పొద్దున్న కూచుని రాశాను. ఒక గీత, కింద "ఎవరో తెలీదు", తేదీ, నా పొడి అక్షరాలు. ఎనిమిదింటికీ అలాగే. తల ఎత్తేసరికి పెద్దమేడం ఇంకా రాలేదు, టీ కూడా రాలేదు. మొత్తం పావుగంట పట్టింది.